కుంగే నేలను దేంతో కొలవాలి: పెగ్గులా, డ్రోనా, ఉపగ్రహమా?

కింద బొగ్గు బాయిలో డిపిల్లరింగ్ (నిలబెట్టిన బొగ్గు స్తంభాలను తీసేయడం) మొదలయిందని తెలియగానే పైన ఊళ్లో అందరూ అడిగేది ఒకటే. మా చెలక కుంగుతుందా? ఇల్లు బీటలు వారుతుందా? బోరు ఎండిపోతుందా? కొలిస్తేనే వీటికి జవాబు దొరుకుతుంది. దేంతో కొలవాలన్న దగ్గరే పేచీ వస్తుంది. పాత సర్వేయరు పెగ్గులు (గుర్తు కడ్డీలు) పాతి, లెవెల్ పరికరంతో వాటి ఎత్తులు పట్టమంటాడు. కుర్ర ఇంజనీరు డ్రోన్ ఎగరేద్దామంటాడు. ఉపగ్రహం డేటా ఉచితంగా వస్తుంటే ఇవన్నీ ఎందుకని మూడో మనిషి అంటాడు. రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి, కొత్తగూడెం వైపు గనుల సర్వే సెక్షన్లలో కొత్తగా చేరినవాళ్లకూ, ఆ గనుల మీద పొలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లకూ ఈ ఎంపిక తేలిక చేయాలని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పైకప్పును కూలనిస్తూ బొగ్గు తీసే ప్యానెల్ (ఒక విడతగా తవ్వే బొగ్గు భాగం) మీద పెగ్గుల లైను, లెవెలింగ్ తప్పనిసరి. మిగతావి దానికి తోడు నిలుస్తాయి గానీ బదులు రావు. ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత పనుల మీది బస్తీల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ముందు చూడాల్సింది ఉపగ్రహం డేటానే.

## ముందు ఏం కొలవాలో తేల్చుకోండి

1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైనప్పటి నుంచీ సింగరేణి భూగర్భ గనులు ఎక్కువగా బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలోనే నడిచాయి. ముందు గ్యాలరీలు తోలి మధ్యలో బొగ్గు స్తంభాలు నిలబెడతారు. ఆ దశలో పైన నేల దాదాపు కదలదు. తర్వాత ఆ పిల్లర్లను తీసుకుంటూ వెనక్కి వస్తారు. బొగ్గు తీశాక మిగిలే ఖాళీని, అంటే గోఫ్‌ను, ఇసుకతో నింపితే కుంగుడు చాలా తక్కువ. పైకప్పును కూలనిస్తే మాత్రం రాతి పొరలు ఒకదాని తర్వాత ఒకటి వంగుతూ నేల దాకా వచ్చి, పైన పళ్లెంలాంటి పల్లం పడుతుంది. అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనిలో (పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో వరుసగా కోసే గని) ఈ పల్లం ఫేస్‌తో, అంటే బొగ్గు తీస్తున్న అంచుతో, పాటే ముందుకు నడుస్తుంది.

నేల ఎన్ని అడుగులు దిగిందన్నదే అందరూ అడుగుతారు. గోడను చీల్చేది మాత్రం ఆ దిగుడు కాదు. ఒక చోటికీ పక్క చోటికీ మధ్య దిగుడులో ఉన్న తేడా గోడను వంచుతుంది, నేల పక్కకు సాగడం దాన్ని చీలుస్తుంది. పల్లం నడిమధ్యన నేల అన్నిటికంటే ఎక్కువ దిగుతుంది, కానీ దాదాపు సమంగా దిగుతుంది. ప్యానెల్ అంచుల దగ్గర దిగుడు తక్కువే అయినా నేల సాగుతుంది, పగుళ్లు అక్కడే పుడతాయి. నడిమధ్య ఇంటికి కూడా ఫేస్ కింద నుంచి దాటిపోయే వారాల్లో ఈ సాగుడు ఒకసారి తగిలి, తర్వాత నొక్కుడుగా మారుతుంది.

ఒక ఊహాలెక్క వేద్దాం. లోతు 150 మీటర్లు, తీసిన బొగ్గు మందం 3 మీటర్లు, నేల దిగింది 1.8 మీటర్లు అనుకుందాం. బ్రిటిష్ బొగ్గు గనుల అనుభవం నుంచి వచ్చిన సూత్రం ప్రకారం అంచు దగ్గర సాగుడు మీటరుకు సుమారు 8 మిల్లీమీటర్లు, వాలు మీటరుకు 33 మిల్లీమీటర్లు. మన ఇసుకరాతి పొరలకు ఆ సూత్రం అచ్చంగా సరిపోదు, అందుకే ఇక్కడ కొలవక తప్పదు. అయినా అంకెల స్థాయి అర్థమవుతుంది. 10 మీటర్ల పొడవున్న ఇంటి కింద నేల 80 మిల్లీమీటర్లు సాగుతుంది. బ్రిటిష్ వాళ్ల నష్టం కొలబద్దలో 30 మిల్లీమీటర్ల లోపు సాగితే సన్న బీటలు, 60 దాటితే కంటికి స్పష్టంగా కనబడే నష్టం, 120 దాటితే తీవ్ర నష్టం. పొడవు ఇంటికి ఎక్కువ దెబ్బ, పొట్టి ఇంటికి తక్కువ దెబ్బ తగలడానికి కారణం ఇదే.

కాబట్టి ఏ పద్ధతినైనా నాలుగు ప్రశ్నలతో తూచండి. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు బిందువుల మధ్య తేడాను ఎంత నమ్మకంగా చెప్పగలదు? వారంలో అరడుగు దిగే నేలను పట్టుకోగలదా? పంట, అడవి, మబ్బు అడ్డొస్తే పని చేస్తుందా? రేపు వివాదం వస్తే ఆ అంకె ఇద్దరి ముందూ నిలబడుతుందా? వీటన్నిటికంటే ముందు మరొకటి ఉంది: తవ్వకానికి ముందు తీసిన తొలి కొలత. అది లేకపోతే తర్వాత ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా ఆ లోటు దాదాపు తీరదు.

| పద్ధతి | ఎత్తులో నమ్మకం | సాగుడు తెలుస్తుందా | బలం | బలహీనత |
|---|---|---|---|---|
| పెగ్గులు, లెవెలింగ్ | 1–2 మి.మీ. | టేపు లేదా టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే పరికరం) తోడుంటే తెలుస్తుంది | నడుస్తున్న ప్యానెల్, వివాదం | గీత మీదే తెలుస్తుంది, మనుషులు నడవాలి |
| టోటల్ స్టేషన్ | కొన్ని మి.మీ. | బాగా తెలుస్తుంది | పెగ్గుల మధ్య దూరాలు, కట్టడాలు | చూపు అడ్డొస్తే ఆగుతుంది |
| ఆర్‌టీకే డీజీపీఎస్ (ఉపగ్రహ సంకేతాలతో అక్కడికక్కడే స్థానం చెప్పేది) | 2–3 సెం.మీ. | పెద్ద సాగుడు మాత్రమే | వేగం, విస్తీర్ణం | చెట్ల కింద పని చేయదు |
| డ్రోన్ ఫొటోలు | 3–5 సెం.మీ. | తెలియదు, పగులు కనబడుతుంది | పగుళ్ల పటం, నీరు నిలిచే చోట్లు | పంట ఉంటే నేల కనబడదు |
| ఉపగ్రహ రాడార్ | అనువైన చోట సెం.మీ. లోపు | తెలియదు | పాత పనులు, బస్తీలు, అంచులు | వేగంగా దిగే నడిభాగం |
| పగులు కొలతలు | – | ఆ పగులు దగ్గర పక్కాగా | ఇల్లు, రోడ్డు, కట్ట | పుట్టిన పగులునే చూస్తుంది |

## పెగ్గుల లైను, లెవెల్

ప్యానెల్ పొడవునా ఒక గీత, అడ్డంగా ఒకటో రెండో గీతలు. పెగ్గుల మధ్య దూరం లోతులో ఇరవయ్యో వంతు ఉంటే చాలు. 200 మీటర్ల లోతుకు 10 మీటర్లన్న మాట. గీత ప్యానెల్ అంచు దగ్గర ఆగకూడదు. కుంగుడు ప్రభావం అంచు దాటి బయటికి పాకుతుంది. జాగ్రత్తకు నిలువు గీత నుంచి 35 డిగ్రీల కోణం తీసుకుంటే 200 మీటర్ల లోతుకు అది 140 మీటర్లు. బెంచ్‌మార్క్, అంటే ఎత్తులు పోల్చడానికి వాడే కదలని గుర్తు, అంతకు రెట్టింపు దూరంలో ఉండాలి. ఆ చోటు కింద వేరే గని గోఫ్ గానీ, పక్కన ఓపెన్‌కాస్ట్ గట్టు గానీ ఉండకూడదు. గోదావరి లోయలో కొత్త ఓపెన్‌కాస్ట్ గనులు చాలాచోట్ల పాత భూగర్భ గనుల పక్కనే వచ్చాయి కాబట్టి ప్లాన్ తెరిచి చూడకుండా బెంచ్‌మార్క్ పెట్టొద్దు.

ఈ పద్ధతిని దెబ్బతీసేది సాధారణంగా లెవెల్ కాదు, పెగ్గు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ కదలిక కొన్ని సెంటీమీటర్లు ఉంటుంది. అడుగు లోతున పాతిన ఇనుప ముక్క నేలతో పాటు లేచి దిగుతుంటే అది గని వల్ల దిగిందో ఎండ వల్ల దిగిందో ఎవరూ చెప్పలేరు. రేగడిలో పెగ్గు ఇలా ఉండాలి: మీటరున్నర, రెండు మీటర్ల గుంత తీసి, అడుగున మాత్రమే కాంక్రీటు పోసి అందులో లావుపాటి ఇనుప కడ్డీ నిలబెట్టాలి. పైభాగానికి పీవీసీ పైపు తొడిగితే ఉబ్బే మట్టి కడ్డీని పట్టుకోదు. కడ్డీ కొన గుండ్రంగా ఉంటే స్టాఫ్ (కొలత కర్ర) ప్రతిసారీ ఒకే బిందువు మీద కూర్చుంటుంది. పెగ్గు గెట్టు మీదికి జరపగలిగితే జరపండి. దున్నే ట్రాక్టర్ కిందపడి పోయిన పెగ్గుతో పాటు దాని పాత రీడింగులన్నీ పోయినట్టే.

తవ్వకానికి ముందే రెండుసార్లు లెవెల్ తీయాలి. ఆ రెండూ సరిపోలితేనే అది తొలి కొలత. ఫేస్ గీత కిందికి వచ్చే సమయానికి వారానికోసారి, దాటాక పదిహేను రోజులకు, తర్వాత నెలకు. ప్రతిసారీ బెంచ్‌మార్క్ నుంచి మొదలుపెట్టి తిరిగి బెంచ్‌మార్క్ దగ్గరే మూయాలి. మూసినప్పుడు వచ్చిన తేడాను పుస్తకంలో రాయాలి. ఆ తేడా రాయని పుస్తకాన్ని వివాదంలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఎత్తులతో పాటు పెగ్గుకూ పెగ్గుకూ మధ్య దూరం కొలవడం చాలాచోట్ల వదిలేస్తారు. బాధాకరమైన విషయం ఇది. సాగుడు తెలిసేది ఆ దూరంలోనే. స్టీల్ టేపు లాగినా, టోటల్ స్టేషన్ పెట్టినా రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో వస్తుంది. 10 మీటర్లకు అది మీటరుకు 0.3 మిల్లీమీటర్ల అనిశ్చితి. పగుళ్లు పడేముందే సాగుడు పెరుగుతోందని చెప్పడానికి ఇది చాలు.

## డీజీపీఎస్ ఎక్కడ సరిపోతుంది

ఆర్‌టీకే పద్ధతిలో ఒక్కో బిందువు పక్కలకు 10–15 మిల్లీమీటర్ల తేడాతో వస్తుంది. రెండు బిందువుల మధ్య దూరంలో అది 15–20 అవుతుంది. పది మీటర్ల పెగ్గులకు లెక్కిస్తే మీటరుకు రెండు మిల్లీమీటర్లు తప్పులోనే కొట్టుకుపోతాయి. పైన లెక్కలోని 8 మిల్లీమీటర్ల సాగుడు కనబడుతుంది కానీ, ఇళ్లను ఇబ్బంది పెట్టే తొలి ఒకటి రెండు మిల్లీమీటర్లు కనబడవు. పొలంలో మీటరు దిగుడు వచ్చే చోట ఇది వేగంగా, చవకగా పని చేస్తుంది. ఇళ్లు, రైల్వే లైను, చెరువు కట్ట ఉన్న చోట దీని మీదే ఆధారపడొద్దు. బెంచ్‌మార్క్ కదల్లేదని సరిచూసుకోవడానికి మాత్రం గంటల తరబడి నిలిపి తీసే స్టాటిక్ డీజీపీఎస్ చాలా మంచిది.

## డ్రోన్

పెగ్గుల గీతకు యాభై మీటర్ల పక్కన ఏం జరుగుతోందో లెవెల్‌కు తెలియదు. డ్రోన్ ప్యానెల్ మొత్తాన్ని ఒకే పూటలో చూపిస్తుంది. తక్కువ ఎత్తులో ఎగరేసి ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద ఒక సెంటీమీటరు ఉండేలా తీస్తే, రెండు మూడు సెంటీమీటర్ల పగులు కనబడుతుంది. నేల మీద ముందే కొలిచిపెట్టిన గుర్తులు తగినన్ని లేకపోతే ఎత్తుల్లో 3–5 సెంటీమీటర్లన్న మాట మరిచిపోండి, తప్పు ఇంకా ఎక్కువవుతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ ప్రాంతం గ్రీన్ జోనా (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటా) కాదా అన్నది డిజిటల్ స్కై పటంలో ముందే చూసుకోవాలి.

రైతుకు డ్రోన్ పటం ఇంకో రకంగా విలువైనది. మీటరు కుంగుడు వరి మడిలో నీటి వాటాన్నే మార్చేస్తుంది. కాలువ నీళ్లు ఎక్కాల్సిన మడి ఎండుతుంది, ఎప్పుడూ నిలవని చోట వాననీళ్లు నిలుస్తాయి. తవ్వకానికి ముందూ తర్వాతా తీసిన ఎత్తుల పటాలు రెండు పక్కపక్కన పెడితే ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలు మునుగుతాయో చూపించవచ్చు. పెగ్గుల గీత ఈ పని చేయలేదు.

ఎప్పుడు ఎగరేయాలన్నది ముఖ్యం. పత్తి నిలబడి ఉంటే నేల కనబడదు. నడివేసవిలో రేగడి అంతా తనంతట తానే నెర్రెలిచ్చి ఉంటుంది, గని పగులు వాటిలో కలిసిపోతుంది. పంట తీశాక, ఎండలు ముదిరే లోపు ఎగరేయండి. పోల్చబోయే పాత ఫొటో కూడా అదే కాలానిదై ఉండాలి.

## ఉపగ్రహ రాడార్

యూరప్ వాళ్ల సెంటినెల్-1 డేటా 2014 నుంచి ఉచితంగా అందుతోంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 మీద వెళ్లిన ఇస్రో, నాసా ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఇప్పుడు దానికి తోడయింది. ఒకే చోటును 12 రోజులకోసారి రాడార్‌తో చూసి, రెండు చూపుల మధ్య నేల ఎంత కదిలిందో అలల తేడాతో లెక్కగట్టడం ఈ పద్ధతి. పేరు ఇన్సార్. మబ్బు, చీకటి దీనికి అడ్డు కావు. ఊరి మీద, కాలనీల మీద చాలా బాగా పని చేస్తుంది, ఎందుకంటే పక్కా ఇళ్లు రాడార్‌ను ఏళ్ల తరబడి ఒకే తీరుగా తిప్పికొడతాయి.

నడుస్తున్న ప్యానెల్ మీద మాత్రం దీని హద్దు తెలుసుకోవాలి. సెంటినెల్-1 అల పొడవు 5.6 సెంటీమీటర్లు. పటంలో పక్కపక్కనే ఉన్న రెండు గళ్ల మధ్య, రెండు చూపుల మధ్య కాలంలో, 1.4 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే లెక్క తప్పిపోతుంది. గడి 20 మీటర్లు అనుకుంటే, పైన చెప్పిన ప్యానెల్‌లో అంత దూరానికి చివరికి వచ్చే తేడా 66 సెంటీమీటర్లు. ఫేస్ కింద నుంచి పోతున్నప్పుడు అందులో పెద్ద భాగం కొద్ది వారాల్లోనే వస్తుంది. నైసార్ ఎల్-బ్యాండ్ అల పొడవు 24 సెంటీమీటర్లు కాబట్టి దాని హద్దు గడికి 6 సెంటీమీటర్లు. పంటల మీద, టేకు అడవి మీద కూడా అది సెంటినెల్-1 వాడే సి-బ్యాండ్ కంటే మెరుగు. అయినా నడిభాగంలో ఫేస్ కింద ఉన్న వారాలకు అదీ చాలదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. లెక్క తప్పిన చోట సాఫ్ట్‌వేర్ ఖాళీ చూపించకపోవచ్చు. నున్నగా, నమ్మదగినట్టుగా, చాలా చిన్న అంకె చూపించవచ్చు. నేల మీద పెగ్గు మీటరు దిగినచోట పటంలో ఐదు సెంటీమీటర్లు అని రావచ్చు. ఆ రంగుల పటం చూపించి ‘ఏమీ కాలేదు’ అని ఎవరైనా అంటే, పెగ్గుల లెవెల్ పుస్తకం అడగండి. ఇంకో సంగతి: రాడార్ ఏటవాలుగా చూస్తుంది, ఉత్తర దక్షిణాలకు జరిగిన కదలిక దానికి దాదాపు కనబడదు. నేల సాగుడు దీనితో తెలియదన్నది అందుకే.

ఏ పనికి వాడాలి మరి? పల్లం బయటి అంచు ఎంతదూరం పాకిందో చూడటానికి. ప్యానెల్ ముగిశాక నెమ్మదిగా సాగే మిగులు కుంగుడు చూడటానికి. పదేళ్ల కిందటి కదలికను ఇప్పుడు వెనక్కి వెళ్లి చూడటానికి. తొలి కొలత తీయనివాళ్లకు మిగిలే ఒకే దారి ఈ చివరిది, ఎందుకంటే పాత చిత్రాలు భద్రంగా ఉన్నాయి.

## పగులు దగ్గర

పగులు కొలవడానికి అన్నిటికంటే తక్కువ ఖర్చు, అయినా అందరూ చేయరు. పగులుకు రెండు వైపులా గట్టి నేలలోకి ఒక్కో కడ్డీ దిగ్గొట్టి, కొనల మధ్య దూరం తేదీతో రాసుకోవాలి. ఒక వైపు రెండు, ఇంకో వైపు ఒకటి చొప్పున మూడు కడ్డీలు పెడితే పగులు తెరుచుకోవడమే కాదు, పక్కకు జారడం కూడా తెలుస్తుంది. రెండు అంచుల ఎత్తుల్లో తేడా, అంటే మెట్టు, వేరుగా రాయాలి. ఇంటి గోడ మీది బీటకు అడ్డంగా సన్న గాజుపలకను సిమెంటుతో అతికించి, పక్కనే గోడ మీద తేదీ రాయడం పాత పద్ధతి. గాజు పగిలితే కదలిక ఆగలేదని తెలుస్తుంది, ఎంతన్నది తెలియదు. మిల్లీమీటరు గీతలున్న ప్లాస్టిక్ క్రాక్ గేజ్ అంకె కూడా చెప్తుంది. గోడ ఎండకూ వ్యాకోచిస్తుంది కాబట్టి ప్రతిసారీ ఉదయం ఒకే వేళకు చూడండి.

ఇది గని పగులా, రేగడి నెర్రెనా? నెర్రెలు గళ్లు గళ్లుగా అల్లుకుని ఉంటాయి, మంచి వాన పడితే మూసుకుంటాయి. గని పగులు పదుల మీటర్లు ఒకే దిక్కుగా, ప్యానెల్ అంచుకు గానీ ఫేస్‌కు గానీ సమాంతరంగా సాగుతుంది. గెట్టును, బాటను, గోడను కోసుకుంటూ పోతుంది. ఒక అంచు కిందికి దిగి మెట్టు పడుతుంది, వానకు పైపొర మూసుకున్నా మళ్లీ తెరుచుకుంటుంది. గని ప్లాన్ మీద పగులు గీత వేసి చూస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

ఈ పగుళ్లను ఊరికే వదలకూడదు. వాటి గుండా గాలి గోఫ్‌లోకి పోతే మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది, వాననీళ్లు పోతే కింద పని చేసేవాళ్లకే ప్రమాదం. చలికాలం పొద్దున్నే పగులు నుంచి ఆవిరి గానీ కిరసనాయిలు లాంటి వాసన గానీ వస్తే వెంటనే గని మేనేజరుకు కబురు పెట్టండి, దగ్గరికి పోవద్దు, పశువులను పోనివ్వద్దు. పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఉండే షరతు కూడా ఇదే చెప్తుంది: కదలిక పూర్తిగా ఆగేదాకా కుంగుడు కొలుస్తూ ఉండాలి, పగుళ్లను రాళ్లు, బంకమట్టితో నింపాలి. నింపే ముందు కొలిచి ఫొటో తీయడం మాత్రం మరవొద్దు.

## ఎవరికి ఏది

గని సర్వే సెక్షన్‌కు: పెగ్గుల లైను వెన్నెముక. దూరాల కొలత తప్పక చేర్చండి. పంట తీశాక ఏటా ఒక డ్రోన్ సర్వే. రైల్వే లైను, చెరువు కట్ట, హైటెన్షన్ టవరు ఉంటే అక్కడ టిల్ట్‌మీటరు (ఒరుగుడు కొలిచేది), వైరు క్రాక్‌మీటరు లాంటి తమంతట తామే రీడింగ్ పంపేవి పెట్టండి. మనుషులు రాత్రి వెళ్లలేని చోట్లకు ఆ డబ్బు దండగ కాదు.

పొలమున్న రైతుకు: మీరు పరికరాలు కొననవసరం లేదు. తవ్వకానికి ముందే మడులు, గెట్లు, బావి, బోరు నీటిమట్టం తేదీలతో ఫొటోలు తీసి పెట్టుకోండి. పగులు పడితే కడ్డీలు పాతి కొలవండి. ఊరంతా కలిసి అడగాల్సింది డ్రోన్ ఎత్తుల పటం. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో గనులు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది అందరూ చూడదగ్గ పత్రం. సింగరేణి ప్రభుత్వ సంస్థ కాబట్టి లెవెల్ రీడింగులను సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు.

ఇల్లున్నవాళ్లకు: గోడ బీటల మీద గేజ్, ఇంటికి ఇరుపక్కలా రెండు పెగ్గులు. మీ ఇల్లు ప్యానెల్ అంచుకు ఎంత దూరమో ముందు తెలుసుకోండి. అంచు మీదుంటే నడిమధ్య ఉన్నవాళ్ల కంటే మీకే ఎక్కువ జాగ్రత్త కావాలి.

పాత పనుల మీది బస్తీలకు: ఇల్లందు, కొత్తగూడెం లాంటి పాత బొగ్గు పట్టణాల తీరు వేరు. లోతు తక్కువగా ఉండి, స్తంభాల ముక్కలు మిగిలిపోయిన చోట దశాబ్దాల తర్వాత కూడా ఒక్కసారిగా గుంత పడవచ్చు. పెగ్గుల గీత ఆ గుంతను ముందే పట్టుకోవడం కష్టం. ఇన్సార్‌తో నెమ్మదిగా దిగుతున్న వీధులను గుర్తించి, అక్కడికి పాత గని ప్లాన్లు తెచ్చి, అనుమానం ఉన్నచోట బోరు వేసి కింద ఖాళీ ఉందో లేదో చూడాలి. రాడార్ నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన గుంత పడదని అనుకోవద్దు, చిన్న గుంతలు దాని గడి కంటే చిన్నవి.

## ఎప్పుడు ఆపాలి

కూల్చే ప్యానెల్‌లో ఎక్కువ కుంగుడు ఫేస్ దాటిన కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. పైన గట్టి ఇసుకరాయి ఉంటే అది కొంతకాలం వేలాడి ఆలస్యంగా కూలుతుంది, అందుకే నాలుగు నెలలు కదలకపోయినా తొందరపడి పెగ్గులు పీకకూడదు. మూడు నెలలకోసారి తీసిన వరుస రీడింగులు లెవెల్ తప్పు హద్దులోపలే ఉంటూ, మధ్యలో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కూడా దాటితే అప్పుడు ఆపవచ్చు. పక్క ప్యానెల్ మొదలైతే, లేదా కింది సీములో (బొగ్గు పొరలో) పని వస్తే, అవే పెగ్గుల మీద మళ్లీ తొలి కొలతతో మొదలుపెట్టాలి. పాత పల్లం మీద రెండోసారి కుంగినప్పుడు నేల మొదటిసారి కంటే త్వరగా కదులుతుంది, మూసిన పగుళ్లు ముందు తెరుచుకుంటాయి.